ఏరు చేసిన గాయాలేవి, మనిషి చేసినవేవి?

ఈ ఉత్తరం ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి, వంశధార ఒడ్డున ఉన్న ఒక తెలుగు ఊరి నుంచి వచ్చింది. రాసినావిడకు 34 ఏళ్లు. ఇంటి దగ్గరే మిషన్ మీద జాకెట్లు కుడతారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఉత్తరం ఏడు పేజీలుంది, కుదించి ఇస్తున్నాను.

ఆవిడ తమ్ముడికి 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. విశాఖపట్నంలో పెయింటింగ్ పనులకు వెళ్లేవాడు. వినాయక చవితికి ఇంటికొచ్చి, నిమజ్జనం అయిన మర్నాడు సాయంత్రం అక్క మరిదితో కలిసి ఏటి ఒడ్డుకు వెళ్లాడు. తిరిగి రాలేదు. ఐదో రోజున, ఏటి దిగువన ఆంధ్రా వైపు రెల్లుదుబ్బుల్లో శవం దొరికింది. ముఖం పోల్చుకునేలా లేదు. మెడలో తాయెత్తు, నడుముకున్న బెల్టు చూసి మనవాడే అన్నారు. పోస్ట్‌మార్టం శ్రీకాకుళం జిల్లాలోనే అయింది. పెళ్లి కానివాడు కాబట్టి ఊరి ఆనవాయితీ ప్రకారం పూడ్చిపెట్టారు. శవం బాగా కుళ్లిపోయింది కనుక మరణకారణం మీద ఖచ్చితమైన అభిప్రాయం ఇవ్వలేమని, విసెరాను, అంటే లోపలి అవయవాల ముక్కలను, పరీక్షకు పంపామని డాక్టరు రాశారట. నాలుగు నెలలైంది. విసెరా రిపోర్టు ఇంకా రాలేదు.

ఆవిడ ఫోన్లో శవం ఫోటోలు 14 ఉన్నాయి. ముఖం నల్లబడి ఉబ్బింది, నాలుక బయటికొచ్చింది, ముక్కులోంచీ నోట్లోంచీ రక్తం కారింది. ఒక చెవి సగం లేదు. నుదురు, మోకాళ్లు, వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. చేతి చర్మం తొడుగులా ఊడింది. మెడ చుట్టూ లోతైన గీత ఉంది. వీపు మీద నల్లటి మచ్చలున్నాయి. "నా కొడుకును కొట్టి, గొంతు నులిమి ఏట్లో పడేశారు. నీ మరిదే చేశాడు" అంటోంది తల్లి, కూతురి గుమ్మం తొక్కడం మానేసింది. "తాగి పడిపోయాడు, డాక్టరే ఏమీ లేదన్నాడు కదా" అంటున్నారు అత్తవారు. తవ్వి తీయించి మళ్లీ పోస్ట్‌మార్టం చేయించమని ఊళ్లో పెద్దలు చెబుతున్నారు. ఆ గాయాలు కొట్టినవేనా? తవ్వించాలా? ఈ రెండిళ్ల మధ్య నేనెలా బతకాలి? సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

చివరి పేజీలో, సంతకం కింద, చిన్న అక్షరాలతో మూడు వాక్యాలున్నాయి. "ఏడింటికే విడిపోయామని మరిది పోలీసులకు చెప్పాడు. కానీ ఇంటికొచ్చింది పది దాటాక, తడిసిన లుంగీతో. పొద్దున్నే నేనే ఉతికి ఆరేశాను, ఎవరికీ చెప్పలేదు."

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫోరెన్సిక్ వైద్యంలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, ఏట్లోంచి, చెరువుల్లోంచి తీసిన దేహాలు ఎన్నో చూశాను. అందుకే ముందుగా ఒక మాట చెప్పాలి. వాన రోజుల్లో ఐదు రోజులు నీళ్లలో ఉన్న దేహం ఎవరిదైనా, ఎలా పోయినవాళ్లదైనా, చిత్రహింస పెట్టి చంపినట్టే కనిపిస్తుంది. మీ అమ్మగారు చూసినవన్నీ నిజంగా ఉన్నవే. వాటికి ఆవిడ చెప్పుకున్న అర్థం మాత్రం నిజం కాకపోవచ్చు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీ జిల్లాదే. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. మీ తమ్ముడి గురించి మీ చేతికొచ్చిన కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. అందులో ఉన్నదీ, ఉండాల్సిందీ మనం మాట్లాడుకునే మాటల్లోనే చెబుతాను. చదవడం కష్టంగా ఉంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

మనిషి పోయాక పేగుల్లోని సూక్ష్మజీవులు ఆగవు. అవి దేహాన్ని లోపలి నుంచి తినడం మొదలుపెట్టి గ్యాసులు పుట్టిస్తాయి. నేల మీద పడి ఉన్న దేహానికైతే ముందు పొట్ట కింది భాగంలో కుడివైపు ఆకుపచ్చ మచ్చ కనబడుతుంది. మన ఎండాకాలంలో 12 నుంచి 18 గంటలు చాలు. నీళ్లలో ఉన్న దేహం దారి వేరు. బోర్లా తేలుతుంది, తలా చేతులూ కాళ్లూ కిందికి వేలాడతాయి. రక్తమంతా ముఖంలోకీ మెడలోకీ దిగుతుంది, అందుకే కుళ్లడమూ అక్కడే ముందు మొదలవుతుంది. రెండు మూడు రోజులకే కనురెప్పలు, పెదవులు ఉబ్బిపోతాయి, లోపలి గ్యాసు నాలుకను బయటికి నెడుతుంది. ఆ గ్యాసే ఊపిరితిత్తుల్లోని ఎర్రటి కుళ్లునీటిని ముక్కులోంచీ నోట్లోంచీ బయటికి తోస్తుంది. మీరు రక్తం అనుకున్నది చాలావరకు అదే. చేతి చర్మం గోళ్లతో సహా తొడుగులా ఊడడం కూడా నీళ్లలో నానిన దేహానికి మామూలే. ఎవరూ కాల్చలేదు, ఒలవలేదు.

చెవి సంగతి. ఏటి చేపలు, పీతలు మెత్తగా, బయటికి ఉన్నచోటే ముందు కొరుకుతాయి. చెవి తమ్మె, పెదవి, కనురెప్ప, ముక్కు కొన. అంచులు చిన్న చిన్న నోళ్లతో కొరికినట్టు ఉంటాయి, అక్కడ రక్తం గడ్డకట్టిన ఆనవాలు ఉండదు. కత్తితో కోస్తే అంచు సాఫీగా ఉంటుంది. మీ ఫోటోలో ఆ అంచు ఎలా ఉందో నేను చూడలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నుదురు, కణుపులు, మోకాళ్లు. మీరు రాసిన ఈ మూడింటినీ కలిపి చూడండి. బోర్లా వేలాడుతూ ప్రవాహంలో కొట్టుకుపోయే దేహంలో ఏటి అడుగున ఇసుకకూ రాళ్లకూ రాసుకునేవి సరిగ్గా ఇవే, కాలివేళ్లు కూడా. నలుగురు కలిసి కొడితే దెబ్బలు ఇంత క్రమంగా ఈ చోట్లే పడవు. అలాగని నుదుటి మీద మనిషి కొట్టిన దెబ్బ ఉండదని కాదు. చర్మం మీద ఆ గీకుడు చూసినంత మాత్రాన హత్య అనలేం అంటున్నాను, అంతే.

ఇక మెడ గీత. మీ అమ్మగారిని ఎక్కువగా పట్టి పీడిస్తున్నది ఇదేనని మీ మాటల్లోనే తెలుస్తోంది. తాయెత్తు చూసి గుర్తుపట్టామని మీరే రాశారు. అంటే మెడ ఉబ్బినప్పుడు ఆ దారం ఉంది, తెగలేదు. మెడ రెండింతలవుతుంది, దారం మాత్రం సాగదు. అది కండలోకి దిగిపోయి చుట్టూ లోతైన గాడి పెడుతుంది. ఇలాంటి గాడులు నేను చొక్కా కాలరు కింద చూశాను, గొలుసు కింద చూశాను, ఒక పసివాడి మెడలో దిష్టితాడు కింద చూశాను. ఆ రోజు ఆ తల్లి కూడా మీ అమ్మగారిలాగే అరిచింది. దారం నెమ్మదిగా తప్పించి, కింద చర్మాన్ని వేలితో తడిమి, మెడ పొరలు ఒక్కొక్కటే విప్పి చూశాం. లోపల కండల్లో రక్తపు చార లేదు, గొంతు ఎముక విరగలేదు. మీ తమ్ముడి విషయంలోనూ జవాబు చెప్పాల్సింది ఆ లోపలి పరీక్షే. పైన కనిపించే గీత కాదు.

వీపు మీది నల్ల మచ్చల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మీ అనుమానానికి అసలు వేరు అక్కడే ఉంది. కొట్టినప్పుడు చిన్న రక్తనాళాలు చితికి రక్తం కండలోకి ఇంకుతుంది. అదే కమిలిన దెబ్బ. చనిపోయాక గుండె ఆగిపోయి రక్తం నాళాల్లోనే కిందివైపుకు దిగినా చర్మం నల్లగా, ఊదాగా కనిపిస్తుంది. అది దెబ్బ కాదు. దేహం తాజాగా ఉంటే రెండింటినీ వేరు చేయడం కష్టం కాదు. మచ్చ మీద గాటు పెట్టి నీళ్లు పోస్తాం. నాళాల్లో ఉన్న రక్తమైతే కొట్టుకుపోయి కింద కండ తెల్లగా తేలుతుంది. ఇంకిన రక్తమైతే ఎంత కడిగినా పోదు. ఐదు రోజులయ్యాక ఈ పరీక్ష పనిచేయదు. నాళాలు కరిగిపోతాయి, ఎర్రకణాలు చితికిపోతాయి, రంగు మొత్తం కండల్లోకి పాకుతుంది. అప్పుడు దెబ్బ తగిలిన చోటూ, తగలని చోటూ ఒకేలా కనిపిస్తాయి. నిజంగా దెబ్బ ఉన్నా అది ఆ నలుపులో కలిసిపోతుంది, లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది.

'అభిప్రాయం ఇవ్వలేము' అని డాక్టరు రాయడం వెనక ఉన్నది ఇదే. మీ అత్తవారు దాన్ని 'ఏమీ లేదు' అని చదువుతున్నారు, మీ అమ్మగారు 'దాచేశారు' అని చదువుతున్నారు. రెండూ కాదమ్మా. ఆ దేహం చెప్పగలిగే స్థితిలో లేదని ఒక మనిషి నిజాయితీగా ఒప్పుకున్న మాట అది. కుళ్లిన శవం మీద ధీమాగా ఏదో ఒక కారణం రాసేసే రిపోర్టు కంటే నాకు అదే నయం.

అంతమాత్రాన అన్నీ చెరిగిపోయాయని కాదు. ఒకసారి చెరువులోంచి తీసిన మనిషి వచ్చాడు. తల మీది చర్మం చేతికి ఊడి వస్తోంది. అది దెబ్బో, కుళ్లో చెప్పడానికి లేదు. మెదడు గంజిలా కారిపోయింది, అందులో రక్తపు గడ్డ కోసం వెతికే వీలే లేదు. పుర్రెను శుభ్రం చేయించి ఆరబెట్టి వెలుతురులో తిప్పి చూశాను. చెవి వెనక రోకలి మొనంత గుండ్రంగా, లోపలికి దిగిన గుంట ఉంది. అంచుల్లో సన్నటి పగుళ్లు. చర్మం చెప్పలేనిది ఎముక చెప్పింది. ఎముక విరుపు, ఎముక మీద కత్తి గీరిన గాటు, గొంతు ఎముక విరగడం, వీటిని ఐదు రోజుల కుళ్లు చెరపలేదు. పురుగులు కూడా ఒక మాట చెబుతాయి. ఈగలు గుడ్లు పెట్టేది మామూలుగా కళ్లు, ముక్కు, నోటి దగ్గర. అవి లేనిచోట, ముంజేతి మీదో ఛాతీ మీదో పురుగులు గుంపు కట్టి ఉంటే, అక్కడ ముందే తెరుచుకున్న గాయం ఉండొచ్చని అనుమానిస్తాం. అదే పురుగులు చిన్న గాటును పెద్ద రంధ్రంగా కూడా తినేస్తాయి, కాబట్టి కొలతలు నమ్మడానికి లేదు.

నీళ్లలో పడేటప్పటికి బతికే ఉన్నాడా అన్నది ఇంకో ప్రశ్న. అప్పుడే మునిగిన మనిషి ముక్కు దగ్గర కనిపించే తెల్లటి నురుగు ఐదో రోజుకు మిగలదు. శ్వాసనాళం లోపల ఇసుక, నాచు, పిడికిట్లో గట్టిగా పట్టుకున్న గడ్డిపరకలు ఉంటే అవి మిగులుతాయి. డయాటమ్‌లని ఏటి నీళ్లలో కంటికి కనిపించని నాచు ఒకటుంటుంది, గాజులాంటి పెంకుతో. గుండె కొట్టుకుంటుండగా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే అది రక్తంతో పాటు తొడ ఎముక మూలుగ దాకా చేరుతుంది. ఆ పెంకు కుళ్లదు. మూలుగలో అది దొరికి, అదే చోటి ఏటి నీటిలోని రకంతో కలిస్తే, బతికుండగానే నీళ్లలో పడ్డాడనడానికి బలం వస్తుంది. దొరక్కపోతే మునగలేదని చెప్పడానికి లేదు. బతికుండగా పడ్డాడని తేలినా తనంతట తను పడ్డాడా, తోశారా అన్నది ఆ పెంకు చెప్పదు.

మీ అత్తవారి 'తాగి పడ్డాడు' మాటకు కూడా ఇక్కడే జవాబు. రేపు విసెరా రిపోర్టులో ఆల్కహాల్ ఉందని రావచ్చు. కుళ్లే దేహంలో సూక్ష్మజీవులు తామే ఆల్కహాల్ తయారుచేస్తాయి, చుక్క ముట్టని మనిషిలో కూడా. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎవరు గెలిచినట్టు మాట్లాడినా మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. అన్నిటికంటే ముందు పోస్ట్‌మార్టం రిపోర్టు పూర్తి నకలు మీ చేతికి రావాలి. ఇప్పటిదాకా మీకు తెలిసింది చివరి పేరా మాత్రమే. మీ అమ్మగారి పేరు మీద, కేసు నమోదైన ఆంధ్రా స్టేషన్‌లో దరఖాస్తు పెట్టించండి. నకలు వచ్చాక ఎవరైనా డాక్టరు దగ్గర కూర్చుని లోపలి పేజీలు చదివించుకోండి. తల తెరిచి పుర్రె చూశామని ఉందా? మెడ పొరలు విప్పి చూశామని, గొంతు ఎముక గురించి ఒక్క వాక్యమైనా ఉందా? శ్వాసనాళంలో ఏముందో రాశారా? తొడ ఎముకో, రొమ్ము ఎముకో డయాటమ్ పరీక్షకు పంపారా? ఉప్పునీళ్లలో భద్రపరిచిన సీసాలు ఎన్ని, ల్యాబుకు ఎప్పుడు చేరాయి? తవ్వించాలా వద్దా అన్నది ఈ జవాబుల మీదే ఆధారపడి ఉంది. ఊరి పెద్దల మాట మీద కాదు.

తవ్వి తీయడం చట్టంలో ఉంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇన్నాళ్లలోపే అన్న గడువు మన దేశంలో లేదు. మామూలుగా తెల్లవారుజామున, మేజిస్ట్రేటు, పోలీసులు, డాక్టరు ఉండగా తవ్వుతారు. చోటు చూపించాల్సింది మీవాళ్లే. పైమట్టి, కిందమట్టి, పక్కమట్టి విడివిడిగా తీస్తారు. ఇవన్నీ చేశాక ఏం దొరుకుతుంది? కాస్పర్ అనే జర్మన్ వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో ఒక లెక్క చెప్పాడు. గాలిలో ఒక వారంలో అయ్యే కుళ్లు నీళ్లలో రెండు వారాలకు, మట్టిలో ఎనిమిది వారాలకు అవుతుందని. ఆ లెక్కన మట్టిలో నాలుగు నెలలు మరీ ఎక్కువేమీ కాదనిపిస్తుంది. కానీ మీ తమ్ముడు మట్టిలోకి వెళ్లేటప్పటికే కుళ్లు ముదిరింది, నీళ్లలోంచి తీసిన దేహం బయట ఇంకా వేగంగా కుళ్లుతుంది. ఇప్పుడు మిగిలేది ఎక్కువగా ఎముకలే. మొదటి రిపోర్టులో పుర్రె, గొంతు ఎముక, పక్కటెముకలు సరిగా చూసి 'విరగలేదు' అని రాసి ఉంటే, తవ్వినా అదే మాట రెండోసారి వింటారు. మీ అమ్మగారు ఆ గుంట పక్కన నిలబడి వింటారు. అవి చూసినట్టు రిపోర్టులో ఎక్కడా లేకపోతే మాత్రం తవ్వడానికి గట్టి కారణం ఉన్నట్టే, నేనైతే అడగమనే అంటాను.

మధ్యలో ఇంకో దారి ఉంది, దాని గురించి ఊళ్లో ఎవరూ చెప్పి ఉండరు. దేహాన్ని కదపకుండానే రిపోర్టు, పోస్ట్‌మార్టం నాటి ఫోటోలు, మీ ఫోటోలు ఏదైనా మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగానికి పంపి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. దర్యాప్తు అధికారి ద్వారా వెళ్తే ఆ అభిప్రాయానికి విలువ ఎక్కువ. చెవి అంచు, మెడ గీత లాంటివి మంచి ఫోటోలో చాలావరకు తేలిపోతాయి. ఇది ముందు చేసి, తవ్వడం తర్వాత ఆలోచించమని నా సలహా. దీనివల్ల మరికొన్ని వారాలు ఆలస్యమవుతుంది, ఎముకలు అంతలో ఎక్కడికీ పోవు.

సరిహద్దు చిక్కు మీకు తెలిసిందే. మనిషి తప్పిపోయింది ఒడిశాలో, దొరికింది ఆంధ్రాలో, పూడ్చింది మళ్లీ ఒడిశాలో. 'మా పరిధి కాదు' అని రెండువైపులా అనొచ్చు. అలా అనడానికి ఇప్పుడు వీల్లేదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని అదే చట్టం 173వ సెక్షన్ చెబుతోంది. తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. తీవ్రమైన నేరం జరిగిందని ఫిర్యాదు చూపిస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తేల్చింది. తవ్వే ఆదేశం ఏ రాష్ట్రం మేజిస్ట్రేటును అడగాలన్నది ముందే వకీలుతో తేల్చుకోండి, లేకపోతే తిరగడానికే నెలలు పోతాయి. వకీలు ఖర్చు గురించి భయపడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఆ చిన్న అక్షరాల దగ్గరికి వస్తున్నాను.

మీ ఉత్తరంలో గాయాల గురించి నాలుగు పేజీలున్నాయి, లుంగీ గురించి మూడు వాక్యాలున్నాయి. నాకు మాత్రం ఆ మూడు వాక్యాల బరువే ఎక్కువగా తెలిసింది. తమ్ముడి దేహం జవాబు చెప్పాలని మీరు ప్రతి రాత్రీ ఆ ఫోటోలు తిప్పుతున్నారు. దెబ్బలు లేవని తేలితే మరిదిని ఏమీ అడగక్కర్లేదు, ఉన్నాయని తేలితే అడిగే పని పోలీసులదవుతుంది. మీ మనసు అలా ఒక దారి వెతుక్కుంటోందేమో అనిపించింది. నేను పొరబడి ఉంటే క్షమించండి. కానీ ఆ దేహం చెప్పలేనిది, ఆ రాత్రి ఏడింటికీ పదింటికీ మధ్య ఏం జరిగిందన్నది, బతికున్న ఒక మనిషికి తెలిసి ఉండొచ్చు.

తడిబట్టలు హత్యకు సాక్ష్యం కావు. అవి భాద్రపదం రోజులు, వాన కావచ్చు. కళ్లెదుటే స్నేహితుడు కొట్టుకుపోతుంటే దూకి, పట్టు దొరక్క, భయంతో ఒడ్డెక్కి పారిపోయి వచ్చిన కుర్రాడు కావచ్చు. అలాంటివాళ్లను చూశాను. 'నువ్వే తోశావంటారు' అన్న భయంతో అబద్ధం ఆడతారు, తర్వాత ఆ అబద్ధమే మెడకు చుట్టుకుంటుంది. ఇవేవీ కాక, మీ అమ్మగారు అన్నదే నిజం కావచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

మీ ముందు ఉన్న దారులు ఏవీ సులువైనవి కావు. మీ భర్తకు ముందు చెప్పొచ్చు. ఆయన మీతో నిలబడితే, తన తమ్ముణ్ణి కూర్చోబెట్టి 'నువ్వే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు' అనగలిగేది ఆయనే. తనంతట తను వెళ్లి చెప్పిన మనిషికీ, తర్వాత దొరికిపోయిన మనిషికీ చట్టం ముందు చాలా తేడా ఉంటుంది. కానీ భర్త నోరు మూయించే రకమైతే, మీ దగ్గరున్న సంగతి ఆ క్షణం నుంచి ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆయన ఎలాంటివారో పన్నెండేళ్ల కాపురం చేసిన మీకే తెలియాలి. మరిదిని ఒంటరిగా నిలదీయడం మాత్రం వద్దమ్మా. అతను మంచివాడే కావచ్చు, అయినా వద్దు.

వకీలుకు చెప్పి, ఆ తర్వాత పోలీసులకు వాంగ్మూలం ఇవ్వొచ్చు. ఆడవాళ్లను సాక్షిగా స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరికే వచ్చి అడగాలి. అవసరమైతే మేజిస్ట్రేటు ముందే చెప్పొచ్చు. అలా చేస్తే ఆ ఇంట్లో మీ చోటు ఏమవుతుందో మీరు ముందే ఊహించుకుని అడుగు వేయాలి. పిల్లల బడి, మీ మిషన్, మీ చేతిలో డబ్బు, అన్నీ. చెప్పకుండా ఉండిపోవడం కూడా ఒక దారే, చాలామంది అదే ఎంచుకుంటారు. కానీ ఫోన్ కాల్ రికార్డులు, టవర్ వివరాలు ఎప్పటికీ ఉండవు, కెమెరా రికార్డులైతే వారాల్లో చెరిగిపోతాయి. ఆ రాత్రి అతను ఎక్కడున్నాడో చెప్పగలిగేవి అవే, అతను నిర్దోషి అయితే అతన్ని కాపాడేవి కూడా అవే. ఆలస్యం వల్ల నష్టపోయేది మీ అమ్మగారు ఒక్కరే కాదు. లుంగీ ఉతికినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. తమ్ముడు తప్పిపోయాడనే ఆ పొద్దుటికి మీకు తెలియదు. ఆ లుంగీ ఇంకా ఉంటే మళ్లీ తడపకుండా, ఎవరికీ ఇవ్వకుండా ఒక పాత కాగితం సంచిలో పెట్టి ఉంచండి. ఇంట్లో ఎప్పుడైనా భయమేస్తే ఆలోచించకుండా పుట్టింటికి వెళ్లిపోండి, 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి.

ఫోటోల గురించి. అవి చెరపకండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. అలా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, తీసిన వేళ వివరాలు పోతాయి. ఉన్నవి ఉన్నట్టు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మీరు నమ్మే మనిషి చేతికి ఇవ్వండి. ఫోన్ మార్చకండి, కానీ ఆ ఫోటోలను రాత్రిళ్లు చేతికి అందనిచోట దాచే ఏర్పాటు ఎవరితోనైనా చేయించుకోండి. వాటిని మళ్లీ మళ్లీ చూస్తే కొత్త సంగతేదీ బయటపడదు. తమ్ముడి ముఖం మాత్రం మీకు అలాగే మిగిలిపోతుంది. అతను పెయింట్ మరకల చొక్కాతో బస్సు దిగి నవ్విన ముఖం ఉందని రాశారే, అది పోతుంది. నిద్ర అసలే పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, అది పిచ్చి కాదు.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి. పండగ చేసుకోవడానికి కాదు, మీ అమ్మగారి పక్కన కూర్చోవడానికి. ఆవిడ మరిదిని తిడితే అవుననొద్దు, కాదనొద్దు. తాయెత్తు దారం సంగతి ఒక్కటి మాత్రం నెమ్మదిగా చెప్పండి. మెడ గీత ఆ దారం వల్ల కూడా పడుతుందని, లోపల చూస్తేనే తెలుస్తుందని, అది చూశారా లేదా అని మనం అడగబోతున్నామని. కొడుకు గొంతు ఎవరో నులుముతున్న దృశ్యాన్ని ఆవిడ నాలుగు నెలలుగా కళ్లలో మోస్తున్నారు. అది జరగకపోయి ఉండొచ్చన్న మాట ఇంతవరకు ఎవరూ ఆవిడకు చెప్పినట్టు లేదు. దరఖాస్తు మీద ఆవిడ చేత వేలిముద్రో సంతకమో ఆ రోజే పెట్టించండి.

రిపోర్టు నకలు వచ్చాక నాకు అన్ని పేజీలూ పంపండి. మెడ గురించి రాసిన పేరా ఉందో లేదో ముందు చూసి, మీకు విడిగా రాస్తాను.